మా చెల్లెలు ఎలా పడిపోయిందో ఎవరూ చెప్పలేదు

అయ్యలారా, అమ్మలారా! పెద్ద డాక్టరు గారూ, ముందు వరసలో మెత్తటి కుర్చీల్లో కూర్చున్న ఆఫీసరు గార్లూ, వెనక బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న నర్సమ్మలూ, ఆయమ్మలూ, మా చెల్లెలి చేతి మందు ఎప్పుడో ఒకప్పుడు మింగి లేచి ఇంటికెళ్ళినవాళ్ళూ, అందరికీ దండం. పనులు మానుకుని వచ్చారు. కొందరు డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టున్నారు, చేతులకి రాసుకున్న ఆ ఘాటు మందు వాసన నా దాకా వస్తోంది. వార్డులో ఎవరైనా ఉన్నారా తల్లీ? ఉన్నారా? సరే. అందరూ ఇక్కడికొచ్చేస్తే అక్కడ మంచాల మీదున్నవాళ్ళ గతేమిటని ఇందాకట్నుంచీ నా గుండె పీచుపీచుమంటోంది.

మీరందరూ పెద్ద సిస్టరమ్మ పోయిందని వచ్చారు. నాకు చెల్లెలు పోయింది. దాన్ని చంకనేసుకుని తిప్పింది నేను. దానికి జడలు వేసింది నేను. అది నర్సు చదువుకి బయల్దేరితే బస్సు బోల్తా పడుతుందేమోనని బస్టాండులో అందరి ముందూ ఏడ్చి దాని పరువు తీసింది కూడా నేనే. ఇద్దరం ఒకే ఇంట్లో ముసలివాళ్ళమయ్యాం. పెద్దదాన్ని నేనిలా మీ ముందు నిలబడి ఉన్నాను, చిన్నది లేదు. ఇది ఏ లెక్కన న్యాయమో ఎవరైనా చెప్పగలరా?

గోడ మీద దాని ఫోటో పెట్టారు. పెద్దదే పెట్టారు. ఫోటో అంటే ముఖం తిప్పుకునే మనిషి, నవ్వుతూ ఉన్నది ఎక్కడ సంపాదించారో గానీ బాగుంది. ఆ మేకు గట్టిగా దిగిందో లేదో ఎవరైనా ఒకసారి చూడండి బాబూ. కింద కూర్చున్నాయన నెత్తిన పడితే ఇంకో సంఘటన అవుతుంది.

నవ్వకండి. ఆ మాట నాది కాదు, మీది. మా చెల్లెలు పోయిన నాలుగో రోజో ఐదో రోజో ఇక్కడ రిస్కు ఆఫీసు చూసే రిస్కు సారూ, ఆసుపత్రి వకీలు గారూ పళ్ళ బుట్ట పట్టుకుని మా ఇంటికొచ్చారు. కుర్చీల అంచున కూర్చున్నారు, వెనక్కి వాలితే ఎక్కడ తప్పు ఒప్పుకున్నట్టవుతుందో అన్నట్టు. “జరిగిన సంఘటనకు యాజమాన్యం విచారిస్తోందమ్మా” అన్నారు. నాకు చదువు అంతంతమాత్రం. “సంఘటన అంటే ఏంటి నాయనా?” అని అడిగాను. పళ్ళ బుట్ట నా వైపు జరిపారు. మా ఇంట్లో దాన్ని చావంటారు సారూ. మనిషి పోతే పోయిందంటారు. మీ దగ్గర మాత్రం మనిషి పోలేదు, సంఘటన వచ్చింది.

నాకంటే ముందు పెద్దలు మాట్లాడారు. త్యాగమూర్తి అన్నారు, సేవామూర్తి అన్నారు. వింటే అది కడుపు పట్టుకుని నవ్వేది. త్యాగమూ లేదు పాడూ లేదు, దానికి కోపం ఎక్కువ. గిన్నెకి జిడ్డు మిగిలితే మళ్ళీ తోమించేది, నా చేతే, అక్కనని కూడా చూడకుండా. సరే, పొగిడారు, సంతోషం. దాని పేరు వార్డుకి పెడతామన్నారు, అదీ సంతోషమే. అన్నీ చెప్పారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఎలా పోయిందో చెప్పలేదు. “మన మధ్య లేకపోవడం” అన్నారు. ఎందుకు లేదయ్యా మన మధ్య? ఎక్కడికెళ్ళింది? మీ వార్డులో, మీ మంచం మీద, మీరు కట్టిన పట్టీ చేతికి పెట్టుకుని పడుకున్న మనిషి, ఎందుకు లేదు?

నేను ఇక్కడికొచ్చింది ఈ ఒక్క మాట అడగడానికే. ముందే చెప్పేస్తున్నాను, దాపరికం లేదు. ఆ మధ్యాహ్నం మా చెల్లెలు ఎలా పడిపోయింది?

నన్ను మాట్లాడొద్దన్నారు. ఇందాక గుమ్మం దగ్గర రిస్కు సారు నా చెయ్యి పట్టుకుని, “మంచి జ్ఞాపకాలు నాలుగు చెప్పండమ్మా చాలు, ఆ రోజు సంగతి ఎత్తితే మీ ఆరోగ్యానికి మంచిది కాదు” అన్నారు. నా ఆరోగ్యం గురించి ఇంత దిగులుపడేవాళ్ళు ఈ ఆసుపత్రిలో ఉన్నారని అప్పుడే తెలిసింది. సరే, ఆయన అటువైపు మనిషి. ఇటువైపు కూడా ఒకాయన వచ్చాడు. నేను పిలవలేదు, తనే వెతుక్కుంటూ వచ్చాడు, కోర్టు వకీలు. “కేసు వేద్దాం పెద్దమ్మా, నేను చూసుకుంటా” అన్నాడు. ఆయనేమన్నాడో తెలుసా? “సభలో మాత్రం నోరు విప్పకండి, మన కేసు పలచనైపోతుంది.” రిస్కు సారూ మాట్లాడొద్దన్నారు, నా కోసమని వచ్చిన వకీలూ మాట్లాడొద్దన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు కాబోలు. నేను కేసు వేస్తానని అనలేదు, వెయ్యనని కూడా అనలేదు. నాకు జవాబు కావాలన్నాను. దానికి ఇద్దరి దగ్గరా మందు లేదు.

నేను పుట్టిన దగ్గర్నుంచీ భయపడుతూనే ఉన్నాను. గ్యాసు కట్టేశానా, తలుపు గడియ పడిందా, వీధిలో ఆడుకునే పిల్లల మీదికి ఏ బండో వస్తుందా, ఇదే నా బతుకు. ఇప్పుడు కూడా ఈ మైకు తీగ నా కాళ్ళకి చుట్టుకుంటుందేమోనని ఒక కన్ను కిందే ఉంది. మా చెల్లెలు నన్ను కంగారక్క అనేది. కొన్నేళ్ళ కిందట ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, “కంగారక్కా, మా ఆసుపత్రిలో భయపడటానికే ఒక గది పెట్టారు, బోర్డు కూడా కట్టారు, రిస్కు మేనేజిమెంటట” అంది. నాకు ఎంత సంతోషం వేసిందో! ఇన్నాళ్ళకి నాలాంటివాళ్ళకి కూడా ఉద్యోగమిచ్చే చోటు వచ్చిందన్నాను. అది చెప్పులు విప్పుతూ అంది, “నీ భయం వేరు, వాళ్ళ భయం వేరు అక్కా. మనిషికేమవుతుందోనని నువ్వు భయపడతావు. మనిషికేమైనా అయితే ఆసుపత్రికేమవుతుందోనని వాళ్ళు భయపడతారు.”

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటేనే బాగుండేది.

దర్జీ గారూ, మీరు వచ్చారు, చూశాను. మీ సంగతి చెప్పనా? తల ఊపుతున్నారు. అయితే చెబుతాను.

ఆ గది రాకముందు మాట ఇది. అప్పుడే చేరిన నర్సు పిల్ల ఒకతి పక్క మంచమాయనకి ఇవ్వాల్సిన సూది తీసుకొచ్చి దర్జీ గారికి పొడిచింది. ఇద్దరూ గోడవైపు తిరిగి పడుకున్నారు, ఇద్దరూ దుప్పటి నెత్తి దాకా లాక్కున్నారు. ఆ పిల్ల పేరడగలేదు. అంతే పొరపాటు. దర్జీ గారు మూసిన కన్ను మర్నాటికి గానీ తెరవలేదు. మా చెల్లెలు ఏం చేసింది? ముందు ఆ పిల్లని దుప్పట్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి తిట్టింది. ఎంత తిట్టిందంటే బయట నేల తుడుస్తున్న ఆయమ్మ బకెట్టు అక్కడే వదిలేసి పారిపోయిందట. తిట్టి తిట్టి చివరికి, “ఏడుపయ్యాక రా. ఏడుస్తూ సూది పట్టుకోకు. పేరడక్కుండా అసలే పట్టుకోకు” అందట. ఆ తర్వాత ఒక స్టూలు చేత్తో పట్టుకుని దర్జీ గారి భార్య దగ్గరికి వెళ్ళింది.

స్టూలు ఎందుకు? చెడు కబురు నిలబడి చెప్పకూడదని దాని పట్టుదల. నిలబడి చెప్పే మనిషి ఎప్పుడు పారిపోదామా అన్నట్టు ఉంటాడట. కూర్చుంది. “అమ్మా, తప్పు జరిగింది, మాదే. పక్కాయన మందు మీ ఆయనకి ఇచ్చేశాం. మత్తుగా పడుకుంటారు. ఊపిరి ఎలా ఉందో నేను ఇక్కడే కూర్చుని చూస్తాను. నన్ను తిట్టాలనుంటే తిట్టండి, లేవను” అంది. ఆవిడ మాత్రం తక్కువ తిందా? “నీ చేతులు పడిపోను” అంది. “మా ఆయన్ని చంపి కబురు చెప్పడానికి వచ్చావా” అంది. చేతిలో ఉన్న నీళ్ళ సీసా విసిరింది. మా చెల్లెలు తడిసిన బట్టలతోనే కూర్చుంది, నాడి చూస్తూ కూర్చుంది. పొద్దుగూకే వేళకి ఆ తిట్టినావిడే, “ఎంతసేపని ఇలా చూస్తావు, వెళ్ళి ఏదైనా తిని రా, నేను చూస్తాలే” అందట.

దర్జీ గారూ, మీరు కోర్టుకెళ్ళారా? లేదు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూడండి, ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. ఎందుకు వెళ్ళలేదు? మా చెల్లెలు మాయమాటలు చెప్పిందా? కాళ్ళు పట్టుకుందా? ఏం జరిగిందో చెప్పింది. అంతే చేసింది. జరిగిందేమిటో మంచం దగ్గరే తెలిసిపోయినవాడికి కోర్టు మెట్లెక్కడం ఏం సరదా సారూ?

అప్పట్నుంచి దానికి స్టూలమ్మ అని పేరు పడింది. స్టూలమ్మ స్టూలు పట్టుకుని వస్తోందంటే ఏదో అయిందని అర్థం. భయమే వేసేది జనానికి. కానీ వచ్చిందంటే అబద్ధం చెప్పదని కూడా అర్థం.

తర్వాత ఆ గది వచ్చింది. గదితో పాటు శిక్షణ వచ్చింది. ఈ హాల్లోనే, ఈ ఫ్యాన్ల కిందే. కొందరు రోగి బంధువుల్లా నటించాలి, కొందరు నర్సుల్లా నటించాలి. నర్సుల చేత నర్సు వేషం వేయించారు, దాని వింత మీరే చెప్పుకోండి. బంధువు ఏమడిగినా సరే, “మీ బాధ మాకు అర్థమవుతోంది, పెద్దలకు తెలియజేస్తాం” అనాలి. అంతకు మించి ఒక్క ముక్క అనకూడదు. తప్పు అనే మాట నోట రాకూడదు, పొరపాటు రాకూడదు, క్షమించమనడం అసలు కూడదు. అంటే ఒప్పుకున్నట్టట, కోర్టులో మెడకు చుట్టుకుంటుందట. మా చెల్లెలి వంతు వచ్చింది. బంధువు వేషం వేసిన గుమాస్తా, “మా అమ్మకేమైంది?” అన్నాడు. ఇది ఠక్కున ఏమైందో చెప్పేసింది. మళ్ళీ చేయించారు. మళ్ళీ చెప్పేసింది. “సిస్టర్, మీకు నటన రాదు” అన్నారట రిస్కు సారు. “వచ్చుంటే సినిమాల్లో చేరేదాన్ని కదా సార్, ఈ జీతానికి ఇక్కడెందుకు పడుంటాను” అందట. హాలంతా నవ్వులు. సారూ, మీరు కూడా నవ్వారని చెప్పింది. మంచివారే మీరు, కాదనను.

సరే, నీకు బంధువు వేషమే ఇస్తామన్నారు. ఇది ఇక్కడే ఎక్కడో నిలబడి, “ఏం జరిగింది?” అంది. ఎదుటివాళ్ళు, మీ బాధ మాకు అర్థమవుతోందన్నారు. “అర్థమైతే మంచిదే. ఏం జరిగింది?” అంది. పెద్దలకు తెలియజేస్తామన్నారు. “తెలియజెయ్యండి. ఈలోగా నాకు చెప్పండి, ఏం జరిగింది?” అంది. అలా అడుగుతూనే ఉందట, కోపం లేకుండా, గొంతు పెంచకుండా. కాసేపటికి నర్సు వేషం వేసిన అమ్మాయికి నిజంగానే ఏడుపొచ్చేసింది. టీ తాగొద్దామని శిక్షణ ఆపేశారు. టీ తాగాక మళ్ళీ మొదలుపెట్టలేదట.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పి నవ్వింది. నవ్వి, ముఖం కడుక్కుని వచ్చింది. “నా పిల్లల నోళ్ళు కుడుతున్నారక్కా” అంది. దాని పిల్లలంటే మీరే. వెనక బెంచీలవాళ్ళు.

ఇంకొక సంగతి చెప్పి ఆ రోజుకి వస్తాను. ఓపిక పట్టండి. ముసలిదాన్ని, దారి తప్పకుండా చెప్పాలని తంటాలు పడుతున్నాను.

పసుపు పట్టీ మీకందరికీ తెలుసు. బయటివాళ్ళకి చెబుతాను. మంచం దిగితే పడిపోయే మనిషి ఎవరైనా ఉంటే, చేతికి పసుపు పట్టీ కట్టేవారు. అటుగా వెళ్ళే ఎవరి కన్నైనా ఆ పసుపు మీద పడాలి, ఆ మనిషిని ఒంటరిగా లేవనివ్వకూడదు. మంచి పద్ధతి. వార్డంతటికీ ఇద్దరికో ముగ్గురికో ఉండేది. తర్వాత ఎవరో పట్టీ కట్టనివాళ్ళు పడిపోయారు, కేసైంది. రిస్కు గది ఏం చేసింది? వార్డులో ఉన్న ప్రతి ఒక్కరికీ పసుపు పట్టీ కట్టమంది. వేలికి దెబ్బ తగిలొచ్చిన పడుచువాడికీ పసుపే, కాళ్ళు నిలవని ముసలమ్మకీ పసుపే. మా చెల్లెలు ఆ గదికి వెళ్ళి దెబ్బలాడింది. “అందరికీ కడితే ఎవరికీ కట్టనట్టే కదా సార్. నా పిల్లలు ఎవర్ని చూడాలి?” అంది. “రేపు జడ్జి గారు కట్టారా అని అడిగితే, కట్టామని చెప్పడానికుండాలి కదా సిస్టర్” అన్నారు.

చూశారా! పట్టీ మనిషి కోసం పుట్టింది. పోయి పోయి జడ్జి గారి కోసం బతకడం మొదలుపెట్టింది.

మా చెల్లెలు ఊరుకుంటుందా? నిజంగా పడిపోయే మనిషి ఎవరో చూసుకుని, ఆ మంచం పక్కన తన స్టూలు వేసి వెళ్ళేది. స్టూలెక్కడుంటే చూపు అక్కడుండాలని నర్సమ్మలకి నోటి మాటగా చెప్పుకుంది. జరిగినన్నాళ్ళు జరిగింది. అది రిటైరై ఇంటికి రాగానే స్టూలు తీసి పారేశారు. ఎందుకో తెలుసా? ఎవరైనా తట్టుకుని పడితే కేసవుతుందట! నేను కల్పించడం లేదు, ఈ మాట ఇక్కడివాళ్ళే చెప్పారు. అది విన్నప్పుడు మా చెల్లెలు నవ్వలేదు. నేనే నవ్వాను, కోపమొచ్చి.

ఇక ఆ రోజు.

దానికి పిత్తాశయంలో రాళ్ళు. వేరే చోట చేయించుకుందామే అన్నాను. “నా వార్డు ఉండగా వేరే చోటెందుకు, నా పిల్లలు చూసుకుంటారు” అంది. ఈ మాట అందరూ బాగా వినండి. నా పిల్లలు చూసుకుంటారు అంది. ఆపరేషను బాగానే అయింది. మర్నాడు కూర్చోబెడితే కళ్ళు తిరుగుతున్నాయంది. నేను డ్యూటీలో ఉన్న నర్సమ్మతో చెప్పాను, ఆయమ్మతో చెప్పాను, తుడిచే మనిషితో కూడా చెప్పాను. “దీనికి కళ్ళు తిరుగుతున్నాయి, లేస్తే పడిపోతుంది” అని. అందరూ పట్టీ చూపించారు. “కట్టాం కదా పెద్దమ్మా” అన్నారు. అటు చూస్తే పసుపు, ఇటు చూస్తే పసుపు. వార్డంతా పసుపే. చూసే వేళ అయిపోయిందని నన్ను బయటికి పంపారు. “నువ్వు వెళ్ళవే బాబూ, నీ కంగారుకి నాకు నిద్ర పట్టడం లేదు” అని అదీ పంపేసింది. గేటు బయట పళ్ళ బండి దగ్గర బత్తాయిలు ఏరుకుంటున్నాను. లోపల అది మంచం దిగింది. నేను మళ్ళీ లోపలికి వచ్చేసరికి మంచం లేదు, మనిషి లేదు, మంచంతో సహా ఎక్కడికో తోసుకెళ్ళారట. అది కళ్ళు తెరిచి ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

నాకు తెలిసింది ఇంతే. పడింది, తలకి దెబ్బ తగిలింది, పోయింది. మిగతాదంతా ఎవరినడగాలి? డాక్టరు గారినడిగితే రిస్కు గదిని అడగమన్నారు. రిస్కు గదిని అడిగితే విచారణ జరుగుతోందన్నారు, విచారణలో ఉన్నది బయటపెట్టకూడదన్నారు. చివరికి ఆ వేళ డ్యూటీలో ఉన్న అమ్మాయిని మెట్ల దగ్గర పట్టుకున్నాను. ఎవరో చెప్పను. మా చెల్లెలు దుప్పట్ల గదిలో పెట్టి తిట్టి, ఆ తర్వాత తన క్యారేజీలోది పెట్టి పెంచిన పిల్లల్లో ఒకతి. రెండు చేతులూ పట్టుకుని అడిగాను. “ఏం జరిగింది తల్లీ?” ఆ పిల్ల నేల చూస్తూ ఏమందో తెలుసా?

“మీ బాధ మాకు అర్థమవుతోందమ్మా.”

ఆ అమ్మాయి నా చేతులు వదల్లేదు. ఆ ముక్కకి మించి మాత్రం ఇంకొకటి అనలేదు. అంత బాగా నేర్పారు సారూ! మా చెల్లెలికి రాని నటన ఆ పిల్లకి బాగా వచ్చింది.

అయ్యా, చెప్పకపోతే నష్టం రాదని మీ వకీలు గారి నమ్మకం. చెప్పకపోతే నాకేమవుతుందో ఎవరైనా ఆలోచించారా? నేను కంగారు మనిషిని. ఏమీ లేనిచోటే పది ఊహిస్తాను. ఇంత పెద్దది జరిగితే ఊరుకుంటానా? అన్నం కలుపుకుంటుంటే, అది నర్సుని పిలిచే బెల్లు నొక్కీ నొక్కీ విసిగి లేచినట్టు కనిపిస్తుంది. బట్టలు ఆరేస్తుంటే, బెల్లు దాని చేతికందనంత దూరంలో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. ఒకసారి నేల తడిగా ఉంటుంది. ఒకసారి అది పడిపోయి, పక్క మంచాలవాళ్ళు పిలుస్తున్నా ఎవరూ రాక, అలా నేల మీదే ఉండిపోతుంది. ఒకసారి అక్కా అంటుంది. అది అక్కా అంటున్నప్పుడు నేను గేటు దగ్గర కాయ మెత్తగా ఉందని తిప్పి వెనక్కి పెడుతుంటాను. ఏదో ఒకటే నిజమై ఉంటుంది కదా? అది ఎంత ఘోరమైనా ఒక్కటే కదా? ఒక్కసారి పోయిన మనిషి నా తలలో రోజూ కొత్త కొత్తగా పోతోంది. ఇది ఎవరి ఖాతాలో రాస్తారు? దీనికి కూడా ఏదైనా గది ఉందా మీ దగ్గర?

నేను ఎవరినీ శపించడానికి రాలేదు. ఎవరి ఉద్యోగం పోవాలనీ రాలేదు. చూశారా నా ఖర్మ, నాకు జవాబు చెప్పని ఆ పిల్ల ఉద్యోగం పోతుందేమోనని కూడా నేనే భయపడుతున్నాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారని తెలుసు. ఒకవేళ నిద్ర వచ్చి కునికిందా? కునికితే కునికిందని చెప్పమనండి. ఒకవేళ ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కతే చేస్తోందా? అదీ చెప్పమనండి, అప్పుడు నేనడగాల్సింది ఆ పిల్లని కాదు, ముందు వరసని. ఒకవేళ ఎవరి తప్పూ లేదా? మా చెల్లెలు మొండిది, ఎవరినీ పిలవకుండా లేచిందా? లేచే రకమే. అయితే ఆ మాటైనా చెప్పండి, రాత్రీ పగలూ దాన్నే తిట్టుకుంటూ బతుకుతాను. దాన్ని తిట్టుకోవడం నాకు అలవాటే. ఎవరిని తిట్టుకోవాలో తెలియకపోవడమే అలవాటు లేదు.

ఇవాళ కూడా ఎవరూ చెప్పరనే అనుకుని వచ్చాను. అయినా అడగకుండా వెళ్ళిపోతే...

ఏమ్మా? ఏంటి తల్లీ, ఎందుకు లేచావు? నేనింకా లేవమనలేదు. మాటలు కాలేదు, కూర్చో. కూర్చోమ్మా. పక్కనున్న పిల్లా, ఆమె కొంగు లాగకు. లాగకు, పడిపోతుంది. ఏంటి, ఆ రోజు సంగతి చెబుతావా? తల ఊపుతున్నావు. నిజంగానే?

వద్దు, ఇప్పుడు నోరు తెరవకు. ఇంతమందిలో వద్దు. నువ్వు సభకి చెప్పక్కర్లేదు, పేపరువాళ్ళకి చెప్పక్కర్లేదు, జడ్జి గారికి కూడా చెప్పక్కర్లేదు. నా ఒక్కదానికి చెబితే చాలు. ఇది అవగానే నా పక్కకొచ్చి కూర్చో. ఎంతసేపు పట్టినా సరే, నేను ఎక్కడికీ వెళ్ళను. రిస్కు సారూ, వెనక్కి తిరిగి అలా చూడకండి, పిల్ల భయపడుతుంది. మీరెవరూ అలా తిరిగి చూడకండి.

అయ్యలారా, అమ్మలారా, నా మాటలు అయిపోయాయి. మా చెల్లెలి కోసం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పక్కవాళ్ళ భుజం పట్టుకుని నెమ్మదిగా లేవండి. దర్జీ గారూ, జాగ్రత్త. పెద్ద డాక్టరు గారూ, మీరు కూడా. ముందు వరసంతా లేవండి, త్వరగా లేవండి. ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉంది.